తలకిందులుగా కుట్టిన జెండా

అమెరికా వాళ్ళకి దేశభక్తి అంటే ఏమిటో విడమర్చి చెప్పినవాణ్ణి నేను. నవ్వకండి. బహ్రెయిన్లో, గుదైబియా సందులో, లాండ్రీకీ కెఫెటీరియాకీ మధ్య ఇరుక్కున్న దర్జీ కొట్టులో, మిషను ముందు స్టూలు మీద కూర్చుని చెప్పాను. నేను చెప్పింది విని ఆరడుగుల పైచిలుకు అమెరికన్ ఒకాయన, పాత నేవీ మనిషి, బూటు బూటుకి తగిలించి నాకు సెల్యూట్ కొట్టాడు. వాళ్ళ ప్రెసిడెంట్లకి కొట్టిన చెయ్యి అది.

ఈ కథ చర్చి మెట్ల మీద చెప్పాను, కెఫెటీరియాలో చెప్పాను, ఊరికి ఫోన్ చేసి మా బావమరిదికి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఆ అమెరికన్ ఒక అంగుళం పొడుగు పెరిగాడు. ఇప్పుడు కాగితం మీద పెట్టాల్సి వచ్చేసరికి చెయ్యి ఆడటం లేదు. నోటితో అన్న మాట గాలికి పోతుంది. రాసింది ఎవడో ఒకడు దాచిపెట్టుకుంటాడు. అందుకని చెప్పేస్తున్నాను. సెల్యూట్ లేదు. నేనెవరికీ ఏమీ విడమర్చలేదు. అబద్ధం ఒకటి చెప్పాను, అదీ సరిగ్గా అతకలేదు.

మొదట నా సంగతి. మాది గోదావరి జిల్లా. వయసులో ఉన్నప్పుడు వచ్చి పడ్డాను ఇక్కడ. కొట్టు నడిపేది ఒక మలయాళీ, నాకంటే బాగా చిన్నవాడు, నన్ను చాచా అంటాడు. లైసెన్సు కఫీల్ పేరు మీద, అంటే మాకు పూచీ ఉన్న అరబ్బు పేరు మీద ఉంటుంది. ఆయన వస్తే చొక్కా కొలతలిచ్చి పోవడమే, లెక్కా పత్రం అంతా మలయాళీదే. ఎవరి వీసా రెన్యువల్ చెయ్యాలో, ఎవరిని పంపెయ్యాలో కూడా ఈయన మాటే, మాకు ఓనరంటే ఈయనే.

మా పెళ్ళయిన దగ్గర్నుంచీ మా ఆవిడ ఊళ్ళో, నేను ఇక్కడ. సెలవుకి వెళ్ళినప్పుడు చుట్టంలా కూర్చోబెట్టి వడ్డించేది. పిల్లలు ఎవరి బతుకుల్లో వాళ్ళు పడ్డాక, ఓ రోజు ఫోన్లో, “ఇక్కడ ఒక్కదాన్నీ గోడలు చూసుకుంటూ కూర్చునే కంటే అక్కడే ఎవరింట్లోనన్నా పని చేసుకుంటాను” అంది. బుసైతీన్‌లో ఒక అరబ్బుల ఇంట్లో కుదిరింది. ఆ ఇంటి ముసలావిణ్ణి లేపడం, కడగడం, తినిపించడం మా ఆవిడ పని. శుక్రవారం సెలవు. చర్చిలో అద్దెకి తీసుకున్న హాల్లో మన తెలుగు ఆరాధన అయ్యాక ఇద్దరం కెఫెటీరియాలో కూర్చుని చాయ్ తాగుతాం. ఆవిడ తన ముసలావిడ మీద చాడీలు చెబుతుంది, నేను నా అబద్ధాలు చెబుతాను. ఆ కాసేపే మా సంసారం. మీకు నవ్వులాటగా ఉండొచ్చు. పెళ్ళాం ఉన్న దేశంలోనే నేనూ ఉండటం అన్నది నాకు ముసలితనంలో దొరికిన వింత.

కాబట్టి వీసా రెన్యువల్ అనేది నాకు ఉద్యోగం సంగతి కాదు. నన్ను పంపేస్తే ఆవిడ ఇక్కడ, నేను అక్కడ. మళ్ళీ మొదటికే, ఈసారి అటూఇటూ మారి. ఆవిడ కూడా వచ్చేస్తే ఇద్దరికీ తినడానికి లేదు.

ఇక కళ్ళు. రెండు కళ్ళల్లోనూ శుక్లాలు. ఆరాధనకి వచ్చే నర్సమ్మ టార్చి కొట్టి చూసి, “తాతయ్యా, ఇంకా ఎలా కుడుతున్నారు?” అంది. ఎలాగంటే వేళ్ళతో. అంచు మడత గోటికి తెలుస్తుంది. కాజా బొటనవేలికి తెలుస్తుంది. దారం రంగు మటుకు వేలికి తెలియదు కదా, అందుకని ఒక మర్యాద కనిపెట్టాను. డబ్బా గిరాకీ ముందు పెట్టి, “మీకు నచ్చిన దారం మీరే ఎంచండి” అనేవాణ్ణి. అబ్బో, ఎంత మర్యాదస్తుడో అని మురిసిపోయేవాళ్ళు. ఆపరేషన్ చిన్నదే. కానీ దానికి సెలవడిగితే ఆ సెలవు ఇంక తిరిగి రాని సెలవే అవుతుంది. గుడ్డి దర్జీని వెనక్కి పిలిపించుకునే ఓనరు ఎక్కడన్నా ఉంటాడా? ఈ నెల గడిస్తే రెన్యువల్, అది అయ్యాక చూసుకుందాం అని నెట్టుకొస్తున్నాను.

అమెరికా వాళ్ళ నేవీ బేస్ మాకు దగ్గరే. ప్యాంట్లు పొట్టి చేయించుకోడానికీ, పేర్ల పట్టీలు కుట్టించుకోడానికీ మా దగ్గరకి వస్తారు. అలా వచ్చేవాళ్ళలో ఇద్దరి గురించి చెప్పాలి. ఒకాయన నేవీలో రిటైరై, మళ్ళీ సివిల్ ఉద్యోగం మీద వచ్చినాయన. తెల్ల జుట్టున్న ప్రతి అమెరికన్నీ మేం కెప్టెన్ అంటాం, ఈయన్నీ అంతే. టోపీ మీద జెండా, చొక్కా గుండీ దగ్గర జెండా, తాళాల గుత్తికి జెండా. రెండో మనిషి నేవీలోనే పనిచేసే నల్లజాతి అమ్మాయి. మా పిల్లల కంటే చిన్నది, అయినా మేడమ్ అనేవాణ్ణి. ఆ పిల్లకి యూనిఫారం మీద తప్ప ఇంకెక్కడా జెండా ఉండేది కాదు.

వాళ్ళ దేశంలో ఎన్నికల గొడవ మొదలైందంటే నా కొట్టుకి తెలిసిపోతుంది. కెప్టెన్ ఫోన్‌లో వార్తలు పెట్టుకుని వచ్చి, బల్ల మీద గుద్ది, “వాళ్ళకి దేశం మీద ప్రేమ లేదు” అనేవాడు. వాళ్ళంటే అవతలి పార్టీ. ఆ పిల్ల వచ్చినప్పుడు ఈ సంగతి ఎత్తితే, “ప్రేమంటే వాళ్ళ సొంత ఆస్తా? మా నాన్న యుద్ధానికి వెళ్ళొచ్చాడు. ఇంటి మీద జెండా కట్టలేదు. ప్రేమ ఉందా అని ఆయన్నెవరూ అడగాల్సిన పని లేదు” అనేది. ఎవరిది ఏ పార్టీయో నేను అడగలేదు. అడిగినా ఏం ఒరుగుతుంది? నేను ఇద్దరికీ, “ఎస్ సార్, ఎస్ మేడమ్.” ఒకసారి ఇద్దరూ ఒకేసారి వస్తే, కుడి వైపుకి ఒక ఎస్, ఎడమ వైపుకి ఒక ఎస్.

మిషను ముందు కూర్చుని విన్నకొద్దీ నాకు ఒకటి అర్థమైంది. వాళ్ళకి పార్టీ మారినా మాట మారదు. గెలిచినవాడు దేశం మాది అంటాడు, ఓడినవాడు దేశాన్ని మా దగ్గర్నుంచి లాక్కున్నారు అంటాడు. జెండా ఎవడి చేతిలో ఉంటే రెండోవాడు దొంగ. మన దగ్గర మాత్రం లేదా అంటారు. ఉంది. కానీ నన్ను ఇన్నేళ్ళలో, ఇక్కడ గానీ అక్కడ గానీ, నీకు దేశం మీద ప్రేమ ఉందా అని అడిగినవాడు లేడు. వీసా ఉందా అని అడిగారు. అందుకే వాళ్ళిద్దరూ అరుచుకుంటుంటే నాకు కోపం రాదు, అసూయ వస్తుంది. అంత పోట్లాడుకోడానికి వాళ్ళకో దేశం ఉంది, పోట్లాడుకున్నా వెళ్ళగొట్టనిది.

ఎండలు మండుతున్న రోజుల్లో కెప్టెన్ ఒక మూట తెచ్చాడు. వాళ్ళ స్వాతంత్ర్య దినానికి పాత నేవీ స్నేహితులంతా పడవ మాట్లాడుకుని చేపలు పట్టడానికి వెళ్తారట. అందరికీ ఒకే రకం చొక్కాలు. భుజం మీద జెండా గుడ్డ కుట్టాలి. జెండా అంటే రంగుల జెండా అనుకున్నాను. మూట విప్పి తడిమితే, చొక్కా ఇసకరంగు, జెండా ఇసకరంగు, దాని మీద చుక్కలూ చారలూ కాస్త ముదురు ఇసకరంగు. ఎడారి డ్యూటీ వాళ్ళ యూనిఫారం మీద వేసే రకమట. రంగుల జెండా అయితే నీలం మూల ఎక్కడుందో మసకలో అయినా పట్టేవాణ్ణి. ఇది నా కళ్ళకి బిస్కెట్టు ముక్కలా కనబడింది. వేలితో తడిమితే చారలు తెలిశాయి, అడ్డంగా పెట్టాలని తెలిసింది. ఏ అంచు పైన, ఏ అంచు కింద అన్నది తెలియలేదు. చుక్కలు దారంతో అంత సన్నగా కుట్టారు, చెయ్యికి గరుకు తప్ప ఏమీ అందలేదు.

పక్క లాండ్రీవాణ్ణి అడగొచ్చు. అడిగితే తెలిసిపోతుంది. మొదటి దానికి ఒక వైపు అనుకున్నాను, మిగతావన్నీ అదే వైపుకి కుట్టేశాను. కుట్టు మటుకు చూడాలి మీరు! మిషను కుట్టు చుట్టూ ఒక్క మిల్లీమీటరు తేడా లేదు.

కెప్టెన్ వచ్చిన పూట మేడమ్ కూడా ప్యాంటు కోసం వచ్చి కూర్చుని ఉంది. ఓనరు కౌంటర్లో ఉన్నాడు. కెప్టెన్ ఒక చొక్కా పైకెత్తాడు. నాకు మొహం కనబడలేదు, ఊపిరి వినబడింది. ఇంకో చొక్కా లాగాడు. ఇంకోటి. అప్పుడు మేడమ్ కిసుక్కున నవ్వింది.

“కెప్టెన్, ఇవి వేసుకుని సముద్రంలోకి వెళ్తే కోస్ట్‌గార్డ్ పరిగెత్తుకొస్తుంది” అంది.

“నవ్వకు!” అని అరిచాడాయన. “ఇది నవ్వే సంగతా?”

నాకేం అర్థం కాలేదు. ఓనరుకీ కాలేదు. “చాచా, క్యా హువా?” అన్నాడు. మేడమే చెప్పింది. జెండా తలకిందులుగా ఉంటే, ఓడ మీద అయితే, మేం ఆపదలో ఉన్నాం, ఎవరన్నా వచ్చి కాపాడండి అని గుర్తట. ఒడ్డు మీద అయితే గొడవ వేరట. దేశం పాడైపోయిందని నిరసన తెలపడానికి వాళ్ళ దేశంలో కొంతమంది ఇంటి ముందు జెండాని కావాలని తిప్పి కడతారట. ఒక్కో ఎన్నికకి ఒక్కో పక్షం వాళ్ళు.



“ఎవరు చెప్పారు నీకు ఇలా కుట్టమని?” కెప్టెన్ నా మీదకి వచ్చాడు. “బేస్‌లో ఎవరన్నా? నన్ను ఎగతాళి చెయ్యమని?”

“ఆయనకేం తెలుసు, వదిలెయ్యండి” అంది మేడమ్.

“దేశం మీద ప్రేమ ఉన్నవాడెవడూ జెండా తిప్పడు.”

“ప్రేమ ఉండబట్టే తిప్పుతారు కొందరు. ఓడలోకి నీళ్ళు వస్తున్నాయని అరిచినవాడికి ఓడ మీద పగా?”

“నువ్వూ ఆ మాటే అంటున్నావా? యూనిఫారం వేసుకుని?”

“యూనిఫారం వేసుకుని జెండా నేను తిప్పను. తిప్పినవాణ్ణి దేశద్రోహి అనను కూడా. ఆ యూనిఫారం దానికోసమే వేసుకున్నాను.”

కెప్టెన్ గొంతు ఒక్కసారి పడిపోయింది. బల్ల మీద చొక్కాలు తోసేసి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. “మా వాడు” అన్నాడు. “మా అబ్బాయి. నా ఇంటి ముందు, నేను కట్టిన జెండాని, నేను ఇక్కడుండగా తిప్పి కట్టాడు. పక్కింటాయన ఫొటో పంపాడు. అప్పట్నుంచీ వాడితో నేను మాట్లాడలేదు. ఇప్పుడు డబ్బు పెట్టి ఇక్కడ కూడా అదే కొనుక్కున్నానన్నమాట.”

అంత మనిషి అలా కూలబడితే నాకు జాలేసింది. నిజం చెప్పాలంటే జాలి ఒక్కటే కాదు. నాలో ఒక దొంగ ఆశ కూడా లేచి కూర్చుంది. వీళ్ళు దేశభక్తి మీద ఎంతసేపు తన్నుకుంటే అంత మంచిది. జెండా సంగతి మాట్లాడుతున్నంతసేపూ కళ్ళ సంగతి ఎవరికీ గుర్తు రాదు. దేవుడా, ఇంకాస్త తిట్టుకునేలా చెయ్యి అని అక్కడే ప్రార్థన చేసుకున్నాను.

ఆ ప్రార్థన ఫలించలేదు. మేడమ్ మంచిది. మంచివాళ్ళతోనే వస్తుంది చిక్కు. నన్ను కాపాడదామనుకుంది.

“కెప్టెన్, ఇందులో రాజకీయం లేదు” అంది మెల్లగా. “ఈ పెద్దాయనకి కనబడదు. ప్రతిసారీ దారం నా చేత ఎంచిస్తాడు. నేను కనిపెట్టాను. ఆ కళ్ళు చూడండి, తెల్లగా ఉన్నాయి. డాక్టరుకి చూపించాలి.”

ఓనరు కౌంటర్ వెనకనుంచి ఇటు తిరిగిన చప్పుడు వినబడింది.

ఇక్కడే నేను ఆ పని చేశాను. తర్వాత సెల్యూట్ దాకా సాగదీసింది దీన్నే. స్టూలు మీంచి లేచి నిలబడ్డాను. నాకొచ్చిన ఇంగ్లీషులో, కొట్టంతా వినబడేలా, “నో మేడమ్, నాకు బాగా కనబడుతుంది. కావాలనే కుట్టాను” అన్నాను.

“ఏంటీ?” అన్నాడు కెప్టెన్.

“కావాలనే సార్. నిరసన. మీ దేశం పాడైపోయింది. అందుకని తిప్పి కుట్టాను.”

గోదావరి ఒడ్డున పుట్టిన దర్జీ, అమెరికా మొహం ఎన్నడూ చూడనివాడు, ఓటు లేనివాడు, ఆ దేశం పాడైపోయిందని గుదైబియాలో నిరసన తెలిపాడు! చరిత్రలో ఇంతకు ముందు జరిగి ఉండదు. గుడ్డివాణ్ణి అనిపించుకోవడం కంటే ద్రోహిని అనిపించుకోవడం మేలనిపించింది ఆ క్షణాన. ద్రోహికి వీసా ఇస్తారు, కనీసం దర్జీ ద్రోహికి ఇస్తారు. తిట్టి, జీతం కోసి, ఉంచుకుంటారు. కళ్ళు లేని దర్జీని ఏం చేసుకుంటారు?

కెప్టెన్ కొడతాడనుకున్నాను. కొట్టలేదు.

“ఏం పాడైపోయింది మా దేశంలో? చెప్పు” అన్నాడు. అడిగిన గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని ఉన్నట్టుంది. ఆ ప్రశ్న నన్ను కాదు, ఇంకెవర్నో అడుగుతున్నట్టుంది.

విడమర్చి చెప్పాను అన్నది ఈ చోటుకే. ఏం చెప్పానో తెలుసా? ఏమీ చెప్పలేదు. వాళ్ళ దేశం గురించి నాకు తెలిసిందల్లా ప్యాంటు పొడవులు. ఆఖరికి, “సార్, నా భార్య ఇక్కడే ఉంది” అన్నాను.

అదీ నేను అమెరికాకి బోధించిన దేశభక్తి.

ఆ మాటకి ఏం అర్థం చేసుకున్నాడో ఆయన లేచాడు. చొక్కాలు తీసుకోలేదు. గుమ్మం దాకా వెళ్ళి, మేడమ్‌తో, “మా వాడు కూడా సరిగ్గా ఇలాగే నిలబడి అబద్ధం ఆడేవాడు చిన్నప్పుడు” అన్నాడు. ఫోన్ తీసిన చప్పుడు, బయట తలుపు పడ్డ చప్పుడు. కొడుక్కి చేశాడో, డ్రైవరుకి చేశాడో నాకు తెలియదు. చర్చిలో చెప్పినప్పుడు కొడుక్కే చేశాడని చెప్పాను.

మేడమ్ నా చెయ్యి పట్టుకుని సారీ సారీ అంది. ఆ పిల్ల దేనికి సారీ చెప్పిందో ఆ పిల్లకి తెలియదు. నీ నోటితో నన్ను ఊరికి పంపేశావు తల్లీ అని తెలుగులో అన్నాను. థాంక్యూ అంది.

ఆ తర్వాత కొట్టులో ఓనరూ నేనూ మిగిలాం. ఆయన వచ్చి నా మిషను స్విచ్ ఆపాడు. ఆ మోటారు గుర్రుమంటూ ఉండటం నాకు ఎంత అలవాటంటే, అది ఆగేసరికి చెవులు మూసుకుపోయినట్టయింది. తలకిందుల చొక్కాలు తనే మడత పెట్టాడు. నేను రెన్యువల్ సంగతి ఎత్తాను. ఇస్త్రీ చేస్తాను, గుండీలు కుడతాను, కొట్టు ఊడుస్తాను, ఇంకో ఏడాది, కనీసం ఇంకో ఆర్నెల్లు అన్నాను. బతిమాలానని రాయడం ఇష్టం లేక ‘ఎత్తాను’ అని రాశాను. బతిమాలాను. ఆయన నెమ్మదిగా, “చూద్దాం చాచా” అన్నాడు. మలయాళీలు మాట జారరు. చూద్దాం అన్నారంటే లోపల సగం ఒప్పుకున్నట్టే.

ఇదంతా లావుపాటి స్కెచ్ పెన్నుతో, పేజీకి నాలుగు లైన్ల చొప్పున, బొద్దు బొద్దు అక్షరాలతో రాశాను. రాసినవి నాకే సరిగ్గా కనబడక, ఈ శుక్రవారం ఆరాధన అయ్యాక కెఫెటీరియాలో మా ఆవిడ చేతికిచ్చి చదవమన్నాను. చాయ్ చల్లారిపోతున్నా పైకి చదివింది. సెల్యూట్ దగ్గర నవ్వలేదు. “నా భార్య ఇక్కడే ఉంది” అన్న దగ్గర కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ మొదలెట్టింది. ఆఖరి కాగితం అయ్యాక అన్నిటినీ బల్ల మీద సర్ది పెట్టింది.

“బాగానే ఉంది. ఒక్కటి తప్పు రాశావు” అంది.

“ఏంటే?”

“చూద్దామని మీ ఓనరు అన్లేదయ్యా. ఆ మాట నువ్వే ఆయన నోట్లో పెట్టావు. ఆయన నాకు ఫోన్ చేసి చెప్పాడు, చాచా మొహం చూసి చెప్పలేకపోయానమ్మా, నువ్వే చెప్పు అని. వీసా కొట్టించడు. నీకు ఊరికి టికెట్టు కొనేశాడు. నేను నీతో రావట్లేదు.”